మొసలికి కాకి ఏమవుతుంది?

వాట్సాప్ గ్రూపులు చీలిపోతున్నాయని వాపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యా, అది చీలిక కాదు, జీవపరిణామం! ప్రకృతికి కోట్ల ఏళ్లు పట్టిన పనిని మా ఇంటివాళ్లు మూడేళ్లలో పూర్తి చేశారు. మెచ్చుకోవాల్సింది పోయి వెక్కిరిస్తారేం?

మాది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. నాన్న మగ్గం దిగి దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టు పెట్టాడు. ఇప్పుడు దాన్ని నేను నడుపుతున్నాను. మా అన్న సిద్ధిరాములు ఎల్బీ నగర్‌లో ఉంటాడు. మొదట్లో అందరికీ కలిపి ఒకటే గ్రూపు, పేరు ‘మా వంశం’. అన్నే అడ్మిన్. పాపం, ఏకకణ జీవి, దాని మానాన అది బతికేది.

దానికి ‘కోడళ్లు మాత్రమే’ పుట్టింది. దానికి ‘పెద్ద కోడలు లేని కోడళ్లు’ పుట్టింది. పిల్లలు ‘కజిన్స్’ అంటూ విడిపోయారు. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపేవాళ్లదొక జాతి, వాటిని చూడగానే మండిపడేవాళ్లదొక జాతి. మొత్తం ఎనిమిది తేలాయి! చంపాపేట్‌లో ఉండే మా మేనత్త అండాలమ్మ ఎనిమిదింటిలోనూ ఉంది. ఒక గ్రూపులో తిట్టినవాళ్లకే ఇంకో గ్రూపులో దీవెనలు పంపుతుంది. నేల మీదా నీళ్లలోనూ బతికే కప్పలు లేవా ఏమిటి?

ఎంత సౌకర్యమో ఆలోచించండి. వెనకటి రోజుల్లో చుట్టాల మీద కోపం వస్తే ఎదురుపడ్డప్పుడల్లా మొహం తిప్పుకోవాలి. పెళ్లిలో వెతికి వెతికి వేరే బంతిలో కూర్చోవాలి. ఎంత శ్రమ! ఇప్పుడు బొటనవేలితో ఒక్క నొక్కు చాలు, ఆ ప్రాణి అంతరించిపోతుంది.

మా చెల్లెలు కృష్ణకుమారి అలాగే అంతరించింది.

మూడు నెలల కిందట అన్న కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం చేశాడు. ఇంటి ఆడవాళ్లందరికీ పోచంపల్లి చీరలు పెట్టాడు. చెల్లెలు మలక్‌పేటలోని తన ఇంటికి వెళ్లి చీరను తిరగేసి చూసింది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు అదొక జబ్బు. నూలుకు ముందే రంగులు అద్ది నేసిన చీరైతే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. బట్ట మీద అచ్చేసిందైతే వెనకవైపు వెలవెలబోతుంది. ఆ చీర వెలవెలబోయింది!

చెల్లెలు ‘మా వంశం’లో రెండు ఫొటోలు పెట్టింది. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఒక్క అక్షరం కూడా రాయలేదు.

“నా ఇంటి పండుగ నాడు నా ఇజ్జత్ తీస్తదా?” అని అన్న ఆమెను పీకేశాడు. నలభై మందిమి చూస్తూ కూర్చున్నాం. ఇద్దరైతే చప్పట్లు కూడా కొట్టారు. నేనా? నేను ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టాను.

మొన్న ఆదివారం చెల్లెలి కూతురు తన్మయి కొట్టుకు వచ్చింది. చైతన్యపురి హాస్టల్లో ఉండి మెడిసిన్ ఎంట్రన్స్‌కు కోచింగ్ తీసుకుంటోంది. ఇల్లు నాలుగు మెట్రో స్టేషన్ల దూరమే అయినా హాస్టల్లో ఉంటేనే బయాలజీ బుర్రకెక్కుతుందట. ఆ పిల్లకు నా పరిణామ సిద్ధాంతం వివరించాను. చివరి బెంచీ కుర్రాణ్ని చూసినట్టు చూసింది.

“చీలడం తప్పు కాదు మావయ్యా. కానీ గ్రూపుకో రూలుంది. ఒక పూర్వీకురాలు, ఆవిడ నుంచి వచ్చినవాళ్లందరూ అందులో ఉండాలి. ఒక్కళ్లని వదిలేసినా అది సరైన గ్రూపు కాదు.”

“వేరే రకంగా ఉన్నవాళ్లను తీసేయకూడదా?”

“ఒకప్పుడు అలాగే చేశారు. రెక్కలున్నాయని పక్షుల్ని సరీసృపాల నుంచి విడదీశారు. తీరా చూస్తే మొసలికి బల్లికన్నా కాకే దగ్గరి చుట్టం! దాంతో మళ్లీ కలుపుకున్నారు.”

మొసలికి కాకి చుట్టమట! అన్ననూ చెల్లెల్నీ ఒకసారి తలుచుకున్నాను. నమ్మక తప్పలేదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మా అమ్మ కనకమ్మ నా దగ్గరే ఉంటుంది. “కుమారి వస్తలేదేంది?” అని మూడు నెలలుగా అడుగుతోంది. పనుల్లో ఉందని నేను నెట్టుకొస్తున్నాను. ఆ రోజు మాత్రం ఉన్నదంతా చెప్పేశాను. అమ్మ ఇన్నాళ్లూ మడత విప్పకుండా దాచిన తన చీర తెప్పించుకుని, కొంగు తిరగేసి చూసింది.

“పిల్ల తప్పేముంది? చీరను తిరగేసి చూడుమని నేర్పింది నేనే గద! నన్ను గూడ తీసేయుమను.”

ఎలా తీసేస్తాం? అమ్మకు ఫోనే లేదు. ఎనిమిది గ్రూపుల్లో ఒక్కదాంట్లోనూ ఆమె లేదు! తల్లి లేదు, కూతురు లేదు. మరి ‘మా వంశం’లో ఉన్న మేమంతా ఎవరం?

“ఇంతకు గీ చీరలు తెచ్చిందెవరురా?” అంది అమ్మ.

పాఠకులారా, గ్రూపుల వల్ల కలిగే అసలైన మేలు చెప్పడం మరిచాను. ఎవరినో పీకేసే హడావిడిలో తప్పు చేసినవాడి వైపు ఎవరూ చూడరు. ఆ చీరలు తెచ్చింది నేనే! అన్న నేత చీరలే తెమ్మన్నాడు. నేసేవాళ్ల దగ్గరికి వెళ్లడానికి బద్ధకించి కొట్లో ఉన్న అచ్చు చీరలే కట్టి పంపాను. అన్న అవి నేసినవే అనుకున్నాడు. నాకు సిగ్గుగా ఉంది.

అన్నకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. “జర ముందే చెప్పొద్దారా?” అన్నాడు. వెంటనే చెల్లెల్ని గ్రూపులో చేర్చాడు. నిమిషం తిరక్కుండానే ఆమె తనంతట తనే బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం అమ్మను తీసుకుని మెట్రో ఎక్కాను. సంచిలో పొద్దున్నే పోచంపల్లి వెళ్లి మగ్గం మీది నుంచి తెచ్చిన చీర ఉంది. మలక్‌పేటలో మా బావ పట్టాభి తలుపు తీశాడు. ఆయనది కోస్తా మర్యాద. “అయ్యో, బయటే నిలబడ్డారేంటండీ బావగారూ, అత్తయ్యగారూ, రండి రండి!” అన్నాడు.

చెల్లెలు మాత్రం రమ్మనలేదు. వచ్చి నా చేతిలోంచి చీర తీసుకుంది. గడపలోనే నిలబడి మడత విప్పి తిరగేసింది. అమ్మ కూడా కళ్లద్దాలు సర్దుకుని పక్కనే వంగింది. ఇద్దరూ కలిసి అటు చూశారు, ఇటు చూశారు.

“గిది నేసిందే” అంది చెల్లెలు. “లోపలికి రా, చిన్నన్నా.”