ఇరవై ఎనిమిది పళ్ళు

పొద్దున్న ఆరింటికి అల్లుడుగారి పథకం ముచ్చటగా ఉంది. తొమ్మిదికి విమానాశ్రయం, పదకొండుకి విమానం, ఒంటిగంటకి అత్తగారి ఊరు, నాలుగింటికి అక్కడ సభ. సభ మొదలయ్యేలోగా ఒక అట్టడబ్బా ఆవిడ చేతికి అందాలి, అంతే. ఇంత తేలికైన పనిని ఎవరైనా చెడగొట్టగలరా అని అడిగితే ఆయన భార్య తడుముకోకుండా తన మొగుడి పేరు చెప్పేది.

అల్లుడుగారి వృత్తి కట్టుడు పళ్ళు తయారుచేయడం. ఇంటి వెనక గదే కార్ఖానా. అత్తగారు ముప్ఫై ఏళ్ళు బడిలో వ్యాకరణం చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పాత విద్యార్థులంతా కలిసి ఆవిడకి సన్మానం చేస్తున్నారు. ఆవిడ గంటసేపు మాట్లాడాలి. సరిగ్గా మూడు రోజుల ముందు ఆవిడ పళ్ళ సెట్టు చేయి జారి, వాష్ బేసిన్‌లో పడి రెండు ముక్కలైంది. అవి కట్టుడు పళ్ళన్న సంగతి పన్నెండేళ్ళుగా కూతురికీ అల్లుడికీ తప్ప నరమానవుడికి తెలియదు. అత్తగారంటే అల్లుడుగారికి భయమెంతో అభిమానమూ అంతే. అందుకే తిండీ తిప్పలూ మాని రెండు రోజుల్లో కొత్త సెట్టు పూర్తి చేశారు.

"డబ్బా ఇచ్చి రావడం ఏమంత గొప్ప కాదు," అంటూ గుమ్మంలో భార్య వేలు చూపించింది. "'కట్టుడు' అన్న మాట మీ నోట్లోంచి వచ్చిందో, మా అమ్మ ఇంక మన గడప తొక్కదు. నేనూ తొక్కను."

"నేను చెప్తానుటే? ప్రాణం పోయినా చెప్పను," అన్నారు అల్లుడుగారు. ఆ మాట మీద ఆయన నిలబడ్డారు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి డబ్బా చూసి, "ఇందులో ఏముందండీ?" అంది.

అల్లుడుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పళ్ళు."

"ఏం పళ్ళు?"

"మామూలు పళ్ళేనమ్మా."

"పళ్ళు చేత్తో తీసుకెళ్ళనివ్వరండీ. పురుగులూ తెగుళ్ళూ వ్యాపిస్తాయని రూలు. విడిగా తనిఖీ చేయాలి. ఎవరికి తీసుకెళ్తున్నారు?"

"మా అత్తగారికి. ఇవి లేకపోతే ఆవిడ ముద్ద ముట్టదు."

"అయ్యో, పథ్యమా? ఎన్ని ఉన్నాయి?"

"ఇరవై ఎనిమిది."

"పుచ్చులేమైనా ఉన్నాయా?"

అల్లుడుగారి వృత్తి గౌరవం దెబ్బతింది. "నా పళ్ళు పుచ్చడమా? ఇరవై ఏళ్ళయినా చెక్కు చెదరవు. స్వయంగా నా చేతుల్తో చేశాను."

"మీ తోటలోనా?"

"తోటెక్కడిదమ్మా? ఇంటి వెనకాల గదిలో."

పొద్దున్నించీ రకరకాల మనుషుల్ని చూసి అలసిపోయిన ఆ అమ్మాయి, "పళ్ళు, 28, ఇంటి వెనక పండినవి" అని కాగితం మీద రాసి, డబ్బాకి అంటించి, ఆయన చేతికి రసీదు ఇచ్చింది. తనిఖీ అయ్యాక విమానం దగ్గర ఇస్తారంది.

అల్లుడుగారు పనిలో మహా జాగ్రత్తపరులు. అవసరమైతే అక్కడికక్కడే అరగదీసి సరిచేయవచ్చని పళ్ళని విడిగా పెట్టకుండా, దవడలా తెరుచుకుని మూసుకునే ఇత్తడి చట్రంలో బిగించి మరీ తెచ్చారు. దానికి నాలుగు మరలు, ఒక స్ప్రింగు. పక్కనే పళ్ళు అంటించుకునే తెల్లటి పొడి పొట్లం. తనిఖీ గదిలో మెషీను ముందు కూర్చున్నాయన కాగితం చదివి, తెర మీద ఇరవై ఎనిమిది పళ్ళ కోసం వెతికాడు. ఒక్క పండూ కనబడలేదు. మరలు కనబడ్డాయి. స్ప్రింగు కనబడింది. పొడి కూడా కనబడేసరికి బాంబే అనుకుని ఎర్ర మీట నొక్కేశాడు.

హాల్లో బెల్టులు ఆగిపోయాయి. తలుపులు మూసుకున్నాయి. "భద్రతా కారణాల వల్ల ఆలస్యమవుతోంది. సహకరించగలరు," అంది మైకు. కారణమేమిటో మాత్రం చెప్పలేదు. పదకొండయింది, పన్నెండయింది. మైకు అదే ముక్కని అదే మర్యాదతో పదిహేను సార్లు అంది.

"నాలుగింటికి మాకు సభ ఉందండీ! పదహారు మందిమి కలిసి బయల్దేరాం," అని వాపోయింది పక్క కుర్చీలో నీలం కోటు తొడుక్కున్నావిడ.

"నాకూ నాలుగింటికే సభ!" అన్నారు అల్లుడుగారు. ఏ సభ అని ఇద్దరిలో ఒక్కరు అడిగినా గొడవ అక్కడితో తేలిపోయేది. కానీ కోపంలో ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళని ప్రశ్నలడగరు.

ఇంతలో నేల తుడిచే ఆవిడ ఒక వార్త మోసుకొచ్చింది. తనిఖీ తెర మీద ఎవరి డబ్బాలోనో దవడ కనబడిందట. కాఫీ మెషీను దగ్గరికి వెళ్ళేసరికి అది తల అయింది. మరుగుదొడ్ల దాకా పాకేసరికి నిలువెత్తు శవం. అల్లుడుగారికి చిన్నమెత్తు అనుమానం కూడా రాలేదు. ఆయన లెక్కలో తన డబ్బాలో ఉన్నవి పళ్ళు. దవడలు మోసుకు తిరిగే మనుషులు వేరే ఉంటారు.

"ఒక్కడి నిర్వాకానికి ఇంతమందిమి శిక్ష అనుభవించాలా?" అంటూ ఆయన కుర్చీ ఎక్కారు. "ఆ ప్రబుద్ధుడెవడో, వాడు మోసుకొచ్చిందేమిటో మైకులో అందరికీ చెప్పాల్సిందే!"

హాలంతా చప్పట్లు కొట్టింది. జీవితంలో మొదటిసారి తన మాటకి చప్పట్లు పడేసరికి అల్లుడుగారు ఇంక కిందికి దిగలేదు. ఆ కోరికనే కాగితం మీద పెట్టి నలభై మూడు సంతకాలు పోగుచేశారు. మొదటి సంతకం ఆయనదే.

ఒంటిగంటకి పెద్దాఫీసరు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. లావుపాటి కోట్లు తొడుక్కున్న నలుగురు పొడవాటి కర్రతో డబ్బా మూత తెరవడానికి అంతసేపు పట్టింది మరి. ఆయన నేరుగా కుర్చీ దగ్గరికొచ్చి, "సార్, మీరొకసారి పక్కకొస్తే మాట్లాడాలి," అన్నాడు మెల్లిగా.

"పక్కకా? ఏదైనా పదిమందిలోనే చెప్పండి!"

"మీ మంచికే చెబుతున్నా సార్."

"చూశారా, బెదిరిస్తున్నాడు!" అన్నారు అల్లుడుగారు. "మైకులో! మైకులో!" అని హాలు హోరెత్తింది. పెద్దాఫీసరు మంచివాడే. కానీ ఎంత మంచివాడికైనా ఓపికకి హద్దుంటుంది. ఆయన వెళ్ళి మైకు అందుకున్నాడు.

"ప్రయాణికుల కోరిక మేరకు తెలియజేస్తున్నాం. ఆలస్యానికి కారణం, కుర్చీ మీద నిలబడి ఉన్న పెద్దమనిషి. ఆయన 'పళ్ళు' అని రాయించినవి తినే పళ్ళు కావు. కట్టుడు పళ్ళు."

ఏ డబ్బా మీదైనా సొంతదారు పేరు రాయడం అల్లుడుగారి అలవాటు. ఆ పేరు, ఇంటిపేరు, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ అన్న హోదా, వీధి నంబరుతో సహా పెద్దాఫీసరు ఉన్నదున్నట్టు చదివేశాడు.

పన్నెండేళ్ళు కడుపులో దాచుకున్న రహస్యం. అత్తగారి ముఖం గుర్తొచ్చి అల్లుడుగారికి నిజంగానే ఏడుపొచ్చింది.

"మా టీచరుగారా?" అంది నీలం కోటావిడ లేచి నిలబడి. ఆవిడతో పాటు ఇంకో పదిహేను మంది లేచారు. "అందుకేనా మూడు రోజుల్నించీ ఫోనెత్తకుండా మెసేజీలు పెడుతున్నారు! పాపం, 'త, థ, ద, ధ, న దంత్యాలర్రా, నాలిక పళ్ళకి తగలకపోతే పలకవు' అని మమ్మల్ని బెంచీలెక్కించిన మనిషి!"

"తల్లీ, మీకు దణ్ణం పెడతాను, ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి," అంటూ అల్లుడుగారు కుర్చీ దిగేలోగానే ఆవిడ ఫోను కలపడం, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కడం కూడా అయిపోయాయి.

"టీచరుగారూ, మీరేం కంగారుపడకండి! మీ పళ్ళు భద్రంగా ఉన్నాయి. విమానాశ్రయంలో అందరూ చూసేశారు. సభకి రావాల్సినవాళ్ళం ఇక్కడే ఉన్నాం కదా, అవి వచ్చేదాకా మొదలుపెట్టం. ఇదిగో, మీ అల్లుడుగారికిస్తున్నా."

అవతల్నించి అత్తగారు ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు మాట్లాడారు. తక్కిన నలభై రెండుమందీ చెవులు రిక్కించి విన్నారు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అల్లుడుగారు మాత్రం చేతులు కట్టుకుని మూడు సార్లు "అలాగేనండీ" అన్నారు.

మన భాషలో తిట్లన్నీ దంత్యాలతోనే ఉంటాయని ఆయనకి ఆ రోజే తెలిసింది.