నెట్ పోయిన ఇల్లే పుణ్యక్షేత్రం

గృహస్థుకి ఇంటర్నెట్ పోవడాన్ని మించిన అదృష్టం లేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి! ముందు వినండి.

నేను రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకునే మనిషిని. అయినా ఉన్నమాట చెప్పాలంటే, కళ్ళు మూసుకోగానే నా మనసు ఆఫీసు బస్సు దగ్గరికో, కాఫీ గ్లాసు దగ్గరికో పరిగెడుతుంది. అదే మా పాత కంప్యూటర్ తెర మీద ఆ చిన్న గుండ్రం గిరగిరా తిరుగుతున్నప్పుడు చూడండి! చూపు చెదరదు. ఊపిరి బిగుసుకుంటుంది. దేవుడి పేరు దానంతట అదే నోట్లోకి వస్తుంది. ఇంత ఏకాగ్రత ఏ గురువు నేర్పగలడు?

వినయం మాత్రం తక్కువ వస్తుందా? ఇంట్లో ఎవరికీ తల వంచని నేను, నెట్ పోతే బల్ల కిందికి మోకాళ్ళ మీద పాకుతాను. దుమ్ములో ముక్కు రాస్తాను. ఒక్కో వైరునూ పట్టుకుని "వచ్చెయ్ నాయనా" అని బతిమాలతాను. పైకి లేస్తూ బల్లకి తల కొట్టుకుని, ఈ శరీరం అశాశ్వతమని గ్రహిస్తాను!

ఇక కుటుంబ ఐకమత్యం. మొన్న మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మా ఆవిడ చదువు పెళ్ళితో ఆగిపోయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచర్ కోర్సులో చేరింది. మొన్న మధ్యాహ్నం ఆఖరి పరీక్ష. కంప్యూటర్ ముందు కూర్చుంటే అటునుంచి ఒకావిడ ప్రశ్నలు అడుగుతారు. ఫోన్‌లో కుదరదట. ఆ పూట తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. ఇస్త్రీ చీర కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మా ఆవిడ వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది.

తెర మీద: కనెక్షన్ లేదు.

వెంటనే మా బావమరిది రంగంలోకి దిగాడు. ఉద్యోగం టైర్ల షాపులో. అయినా కనపడిన ప్రతి యంత్రానికీ నాడి చూస్తాడు కనక అతన్ని డాక్టరనే పిలుస్తాం.

"బావా, దీనికి వయసైపోయింది. ఇంకా ఎన్నాళ్ళు ఈడుస్తావు దీన్ని?" అన్నాడు సీపీయూని అరచేత్తో చరుస్తూ.

"నీకంటే అదే నయం రా, చెప్పిన పనైనా చేస్తుంది. కబుర్లాపి వైరు చూడు!" అంది వాళ్ళక్క.

నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. దేవుడు అన్నిచోట్లా ఉంటాడని నేను నమ్ముతాను. కస్టమర్ కేర్‌లో కూడా ఉంటాడా అన్నది మాత్రం నాకింకా తేలని సందేహం. చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి ఒకతను పలికాడు.

"సార్, పచ్చలైటు వెలుగుతోందా?"

చూశాను. సీపీయూ మీద పచ్చలైటు నిక్షేపంలా వెలుగుతోంది. "వెలుగుతోంది బాబూ!"

"అయితే మా లైన్లో ప్రాబ్లం లేదు సార్. మీ కంప్యూటర్ ఎప్పటిది?"

చెప్పాను. అవతల ఒక నిట్టూర్పు. "అదే సార్ ప్రాబ్లం. ఆపేసి మళ్ళీ ఆన్ చేయండి."

మా కంప్యూటర్‌ని ఆపి ఆన్ చేయడమంటే మాటలా? మూలుగుతుంది, గురక పెడుతుంది, తేదీ మర్చిపోతుంది. అది నిద్ర లేచేలోపు మా ఆవిడ జవాబులన్నీ పైకి వల్లించుకుంది. అది లేచింది. కనెక్షన్ లేదు. డాక్టరు మళ్ళీ ఆపాడు. నేను మళ్ళీ ఆన్ చేశాను. ఇంతమందిమి ఒక గదిలో చేరి, ఒకే కోరిక కోరుకుని ఎంతకాలమైందో! ఇది అదృష్టం కాక మరేమిటి?

వైరు ఎక్కడైనా తెగిందేమోనని డాక్టరూ నేనూ హాల్లో కిటికీ దగ్గరికి పరుగులు తీశాం. హాల్లో కుర్చీలో మా అమ్మ కూర్చుని ఉంది. ప్రతిసారీ ఆవిడ మోకాళ్ళు దాటుకునే వెళ్ళాం.

"ఏమైందిరా?" అంది.

"నెట్ పోయిందమ్మా. నీకు తెలీదులే."

"అది కాదురా, కోడలి పరీక్ష..."

"అమ్మా! కాసేపు మాట్లాడకు!"

అమ్మ మాకు దారిస్తూ కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంది.

పరీక్ష వేళ దాటిపోతోంది. మా ఆవిడ లేచి హాల్లోకి వచ్చి, అత్తగారి పక్కన కూలబడింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "అత్తయ్యా, నాకు చదువు రాసిపెట్టి లేదు" అంది.

"అవేం మాటలే! నీ ధ్యాస చెదరకూడదనేగా ఆ మిణుకుమిణుకు పెట్టెని కూడా ఆపేసి కూర్చున్నాను!"

డాక్టరూ నేనూ గుమ్మంలో నిలబడిపోయాం.

మా ఇంటర్నెట్ పెట్టె ఉండేది హాల్లో బీరువా మీద. అమ్మ సాయంత్రం ప్రార్థనకి కూర్చునే ముందు టీవీ, ఫ్యాను, ఆ పెట్టె అన్నీ ఆపేస్తుంది. దేవుడి ముందు మరే దీపమూ మిణుకుమిణుకుమనకూడదని ఆవిడ పట్టుదల. ఆ వేళ కంప్యూటర్ జోలికి ఎవరం వెళ్ళం కనక మాకెప్పుడూ తెలియలేదు. ఆ రోజు కోడలి కోసం మధ్యాహ్నమే ఆపింది.

"అత్తయ్యా, ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు డాక్టరు.

"మాట్లాడకన్నారుగా నాయనా!"

స్విచ్ వేశాం. పెట్టె మీద లైట్లన్నీ వెలిగాయి. పాత కంప్యూటర్ ఒక్క మూలుగు కూడా లేకుండా పరీక్ష చేసే ఆవిణ్ణి తెర మీద నిలబెట్టింది. ఆవిడ ఇంక మూసేయబోతోందట. "ఆలస్యమైనా ఫరవాలేదు, కూర్చోండమ్మా" అంది. ఆఖరి ప్రశ్న తలుపు బయటున్న మాకూ వినపడింది: "ఏడుస్తున్న పిల్లాడు ఏం చెబుతున్నాడో అర్థం కాకపోతే ఏం చేస్తారు?"

"పక్కన కూర్చుని అడుగుతానండీ. చెప్పేదాకా వింటాను."

మా ఆవిడ పాసైంది! డాక్టరు మాత్రం తప్పు కంప్యూటర్‌దేనని ఇప్పటికీ వాదిస్తున్నాడు. పాతది కదా, ఏ నింద వేసినా మోస్తుంది. కంపెనీవాళ్ళేమో "మీ సమస్యను మా నిపుణులు పరిష్కరించారు" అని మెసేజ్ పంపారు. చూశారా, నెట్ పోతే ఎంతమందికి పుణ్యం దక్కిందో!

మర్నాడు ఆ కంపెనీ నుంచే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మా సేవల మీద మీ ఇంట్లోవాళ్ళ అభిప్రాయం కావాలి అంది. నేను ఫోన్ తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను.

"నా అభిప్రాయమా తల్లీ?" అమ్మ మొహం వెలిగిపోయింది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఆ బీరువా ఇంటికి వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టింది. పెట్టె సంగతి ఇంకా రానేలేదు, అవతల లైను కట్ అయిపోయింది.

అమ్మ ఫోన్‌ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాపం, ఆ అమ్మాయి వాళ్ళింట్లో కూడా ఎవరో పెట్టె ఆపేసినట్టున్నారు రా" అంది.