కాకరకాయకు అన్‌ఫిట్

పౌరుడి నోట్లో ఏం పడాలో నిర్ణయించే అధికారం మన దేశంలో అనాదిగా తల్లికి, ఆ తర్వాత భార్యకు, ఆ తర్వాత షుగరు డాక్టరుకు ఉంది. ఈ వరుసలోకి నాలుగో శక్తిగా ఒక సంక్షేమ విభాగం ప్రవేశించిన చారిత్రక ఘట్టం మా గోదావరిఖనిలో జరిగింది. చరిత్ర జరుగుతున్నప్పుడు పక్కనే ఉన్నవాళ్లకు అది చరిత్ర అని తెలియదంటారు. మాకూ తెలియలేదు. మేము దాన్ని కాకరకాయ కూర అనుకున్నాం.

గట్టయ్య బాయిలో పంపుల దగ్గర పనిచేసేవాడు. (బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. నీళ్లు కూడా ఊరుతుంటాయి గనుక పేరు పూర్తిగా అబద్ధం కాదు.) అతని జోడీ అలీముద్దీన్, అదే షిఫ్టులో ఎలక్ట్రీషియన్. ఇద్దరూ ఒకే లైన్ క్వార్టర్లలో ఉంటారు, ఒకే బండి మీద డ్యూటీకి వస్తారు, పంపు పక్కన ఒకే చెక్క మీద కూర్చుని తింటారు. వాళ్ల స్నేహం అంత గట్టిగా ఉండడానికి కారణం ఇద్దరి అభిప్రాయాలు కలవడం కాదు. ఇద్దరికీ పడని కూరలు వేరువేరు కావడం.

కొంతకాలం కింద కంపెనీ ఇంటి డబ్బాలను లోపలికి రానివ్వడం మానేసింది. ఇల్లాళ్లు కట్టే డబ్బాల్లో పోషక విలువలకు ఎవరూ బాధ్యత వహించడం లేదని పైవాళ్లకు తోచింది. బదులుగా క్యాంటీన్ నుంచి 'సంపూర్ణ ఆహార డబ్బా' దిగుతుంది. అందులో అన్నం, పప్పు, రెండు కూరలు. వారంలో ఎక్కువ రోజులు ఆ రెండు కూరలు కాకరకాయ, ఆనిగెపుకాయ. (ఆఫీసు కాయితాల మీద దీన్ని సోరకాయ అంటారు. రుచిలో తేడా లేదు.)

గట్టయ్య తన కాకరకాయను అలీముద్దీన్ డబ్బాలో వేసేవాడు. అలీముద్దీన్ తన ఆనిగెపుకాయను గట్టయ్య డబ్బాలో వేసేవాడు. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే తల్లి జన్నత్ బీ తనకు ఎండాకాలమంతా ఆనిగెపుకాయే పెట్టిందని, ఇప్పటికీ దాన్ని చూస్తే ఒళ్లు పసుపుపచ్చగా అయినట్టనిపిస్తుందని అతను చెప్పేవాడు. గట్టయ్య వాదన మాత్రం కొంచెం బలహీనమైంది. ఎందుకంటే ఇంటి దగ్గర అతను కాకరకాయ పులుసు గిన్నె అడుగు దాకా నాకుతాడని అలీముద్దీన్‌కు తెలుసు.

"ఇంట్ల తింటవు, ఈడ తినవు. కాకరకాయ కాకరకాయనే గద గట్టన్నా," అనేవాడు అలీముద్దీన్.

"కాయ ఒక్కటేగని చెయ్యి వేరే కదనె," అనేవాడు గట్టయ్య.

ఈ చర్చ రోజూ జరిగేది, రోజూ ఇక్కడే ఆగేది, ఇద్దరి కడుపులూ నిండేవి. ఇంతకంటే మెరుగైన ఆహార విధానాన్ని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు రూపొందించలేదు. అందుకే దాన్ని సరిచేయాల్సి వచ్చింది.

సరిచేసినాయన పేరు రఘుపతి. కొత్తగా వచ్చిన సంక్షేమాధికారి. మర్యాదస్తుడు, ఎవరి గురించీ చెడుగా ఆలోచించనివాడు. (ఇలాంటివాళ్ల నుంచి తప్పించుకునే మార్గం ఇంకా కనిపెట్టలేదు.) డబ్బా పథకం ఎలా నడుస్తుందో చూద్దామని ఆయన తలకు టోపీ, టోపీకి లైటు పెట్టుకుని, ఫొటోలు తీసే మనిషిని వెంటబెట్టుకుని బాయి దిగాడు. సరిగ్గా అప్పుడే కాకరకాయ ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పోతోంది.

ఇదేమిటని ఆయన అడిగాడు. అలీముద్దీన్ నవ్వకుండా జోకు వేయగలడని షిఫ్టంతటికీ తెలుసు. రఘుపతికి తెలియదు.

"గట్టన్న కాకరకాయ తింటే బతకడు సార్," అన్నాడు అలీముద్దీన్. "ఒక్క ముక్క కడుపుల వడ్డా పంపు బందయితది."

రఘుపతి నవ్వలేదు. పైకి వచ్చి, లోపల ఒక కార్మికుడికి కాకరకాయ వల్ల ప్రాణాపాయం, పంపులకు అంతరాయం పొంచి ఉన్నాయని నివేదించాడు.

వారం తిరగకుండా ఉత్తర్వులు వచ్చాయి. డబ్బాల మధ్య కూరల అనధికార మార్పిడి నిషేధం. ఎవరికైనా ఏ కూరగాయ నుంచైనా మినహాయింపు కావాలంటే మూడు కారణాల్లో ఒకటి చూపాలి: రోగం, మతం, వంశపారంపర్యం. 'ఇష్టం లేకపోవడం' అనే నాలుగో కారణాన్ని కమిటీ పరిశీలించి తొలగించింది. అది పెడితే కమిటీ సభ్యులు కూడా అందులోకే వస్తారని తేలింది. మినహాయింపు పొందినవాడు లోపల పని చేయరాదు, ఎందుకంటే లోపల డబ్బా తప్ప వేరే తిండి లేదు, ఖాళీ కడుపుతో పని చేయించడం భద్రతకు విరుద్ధం. అలాంటివాళ్లకు పైన డ్యూటీ ఇవ్వాలి. గట్టయ్య రోగం కోటాలో వెంటనే దవాఖానకు హాజరు కావాలి.

ఇక్కడ గట్టయ్య మోకాలి గురించి చెప్పాలి. బాయిలోకి దిగే ఏటవాలు దారి కుర్రాళ్లకు దారి, వయసు మళ్లినవాళ్లకు పరీక్ష. గట్టయ్య కుడి మోకాలు అరిగిపోయి చాలా కాలమైంది. షిఫ్టు దిగి ఇంటికి రాగానే కాలు స్టూలు మీద పెట్టి, భార్య అనసూర్య నూనె కాచి రాసేదాకా మాట్లాడేవాడు కాదు. పైన డ్యూటీ ఇప్పించమని అతను పెట్టుకున్న దరఖాస్తు పరిశీలనలో ఉంది. ఎంత లోతుగా పరిశీలిస్తున్నారంటే అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మోకాలికి రాని పిలుపు కాకరకాయకు వచ్చేసరికి అనసూర్య ఆలోచించింది. ఎట్లాగూ పిలిచారు గనుక మోకాలు కూడా చూపి రమ్మంది.

దవాఖానలో డాక్టర్ సంధ్యారాణి అతని నాలుక చూసింది, కడుపు నొక్కింది. గట్టయ్య ప్యాంటు పైకి లాగి మోకాలు ముందుకు పెట్టాడు.

"అది వేరే ఫైలు గట్టయ్య గారూ. ఇవ్వాళ మీరు నోటి వరకే వచ్చారు," అంది డాక్టరమ్మ.

కానీ ఆమె చూపు మోకాలి మీదే ఆగిపోయింది. ఉబ్బి, పక్కకు తిరిగి, చూస్తేనే నొప్పి తెలిసేలా ఉంది. ఆమె కళ్లజోడు సర్దుకుంది. "కాకరకాయ" అని గట్టిగా పలుకుతూ బొటనవేలితో మోకాలి పక్కన నొక్కింది. గట్టయ్య పెట్టిన కేకకు వరండాలో వరుస కదిలింది. కాకరకాయ పేరు వినగానే రోగి తీవ్రంగా బాధపడుతున్నాడని ఆమె రాసి సంతకం పెట్టింది. డాక్టరమ్మ పొరపాటున రాసిందా, తెలిసే రాసిందా అని ఇప్పటికీ మా లైన్లో రెండు వర్గాలున్నాయి. ఆమె మాత్రం ఆ విషయం ఎత్తదు.

ఇక మిగిలింది ఇంటి విచారణ. రఘుపతి ఒక మధ్యాహ్నం చెప్పకుండా క్వార్టరుకు వచ్చాడు. ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి అడుగు పెట్టేసరికి పొయ్యి మీద కాకరకాయ పులుసు ఉడుకుతోంది. చేదు విరిగేలా ఉప్పు రాసి గట్టిగా పిండి, ఆపైన బెల్లం, నువ్వుల పొడి వేసి అనసూర్య చేసే పులుసుకు లైనంతా పేరు. బాలింతలకు కూడా ఆమె దగ్గర్నుంచే గిన్నెలు పోయేవి. పెళ్లిళ్లకు ఆమెను ముందుగా పిలిచి పొయ్యి దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. ఆమెకు బంగారం పెద్దగా లేదు. ఉన్న గొప్పంతా అదే.

అడిగే ముందు పర్యవసానం చెప్పాలని నిబంధన ఉంది గనుక రఘుపతి చెప్పాడు. గట్టయ్య ఇంట్లో కాకరకాయ తింటాడని రుజువైతే మినహాయింపు రద్దు, పైన డ్యూటీ లేదు, మళ్లీ బాయి దిగాల్సిందే. తర్వాత అడిగాడు: ఈ పులుసు మీ ఆయన తింటాడా?

అనసూర్య స్టూలు మీదున్న గట్టయ్య కాలు చూసింది. పొయ్యి మీద గిన్నె చూసింది.

"ముట్టడు సార్," అంది. "నా చేతి వంట మంచిగుండది. పెండ్లయిన కాన్నుంచి ఆయనకు గిదే గోస."

గట్టయ్య నోరు తెరిచాడు. ఆమె అతని వైపు ఒక్కసారి చూసింది. మూసుకున్నాడు.

సాక్ష్యాన్ని పరీక్షించడం విచారణాధికారి విధి. రఘుపతి పళ్లెం పెట్టించుకున్నాడు. మొదటి ముద్ద విధి నిర్వహణలో తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టమన్నాడు. మూడోసారి అడగడానికి మొహమాటపడి పులుసు ఒక్కటే పోయించుకుని తాగాడు. ఆయన గెస్ట్‌హౌస్‌లో ఒంటరిగా ఉంటున్నాడు, ఆయనకు కూడా క్యాంటీన్ డబ్బానే వస్తుంది. చేయి కడుక్కుని, వాకిట్లో కాసేపు నిలబడి, చివరకు ఇల్లాలి వంట బాగోదని రాసుకున్నాడు. నిబంధనల ప్రకారం ఇల్లాలి మాట సాక్ష్యం. విచారణాధికారి నాలుకకు సాక్షిగా గుర్తింపు లేదు.

అలా గట్టయ్య కాకరకాయకు అన్‌ఫిట్ అయ్యాడు. అతనికి పైన ల్యాంప్ రూంలో డ్యూటీ పడింది. దిగేవాళ్లకు కిటికీలోంచి టోపీ లైట్లు ఇవ్వడం, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకోవడం. నెల తిరిగేసరికి మోకాలి వాపు తగ్గింది. కారణాలతో సహా ఉత్తర్వును నోటీసు బోర్డుకు అంటించారు. అందులో అనసూర్య పేరు, ఆమె వంట గురించి ప్రభుత్వ భాషలో ఒక వాక్యం ఉన్నాయి.

లైన్లో ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. పులుసు కోసం గిన్నెలు రావడం మాత్రం ఆగిపోయింది. పక్కింట్లో పెళ్లికి పిలిచి, పొయ్యి దగ్గర వేరే ఆమెను కూర్చోబెట్టి, అనసూర్యకు ఉల్లిగడ్డలు కోసే పని ఇచ్చారు. (ఉల్లిగడ్డల ముందు కూర్చున్న మనిషి ఎందుకు ఏడుస్తుందని ఎవరూ అడగరు.) గట్టయ్య రాత్రి అన్నం దగ్గర, పొద్దున్నే అందరికీ నిజం చెప్పేస్తానన్నాడు.

"నోరు మూసుకొని మోకాలుకు నూనె రాసుకో," అంది ఆమె.

విచారణ మళ్లీ ఎప్పుడైనా రావచ్చు గనుక ఇంట్లో కాకరకాయ వండడం మానేసింది. వాసన దాగదు కదా. దాంతో గట్టయ్యకు జీవితంలో ఇష్టంగా తిన్న కాకరకాయ కూడా లేకుండా పోయింది. కింద అలీముద్దీన్ పరిస్థితి అంతకన్నా మెరుగ్గా లేదు. గట్టయ్య జాగాలో వచ్చిన అంజి ఏది పెట్టినా తింటాడు, ఎవరితోనూ మాట్లాడడు. అన్నీ తినేవాడితో ఏం వాదిస్తాం?

పొద్దున లైటు తీసుకునేటప్పుడు అలీముద్దీన్ కిటికీ దగ్గర అడిగాడు, పైన ఎట్లుందని.

"కాలు నొస్తలేదు భాయ్," అన్నాడు గట్టయ్య. "తినేటప్పుడే ఏం తోస్తలేదు."

ఆ మాట అలీముద్దీన్ ఇంట్లో చెప్పాడు. అతని భార్య మహెజబీన్ ఆ ఆదివారం అనసూర్యను తన వంటింట్లోకి పిలిచి, కాకరకాయలు ముందు పెట్టి తలుపు వేసింది. గట్టయ్యకు ఏ ఇంట్లో పులుసు పెట్టారో విచారించే నిబంధన ఇంకా రాలేదు. మిత్రులిద్దరూ చాలా రోజుల తర్వాత పక్కపక్కన కూర్చున్నారు. గట్టయ్య తన భార్య చేసిన పులుసును ఆమె ముందే పరాయి ఇంట్లో అతిథిలా తిన్నాడు. ఎలా ఉందో చెప్పలేదు, పళ్లెం మాత్రం కడగాల్సిన పని లేకుండా పెట్టాడు. అనసూర్య గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆ ఏర్పాటు ఇప్పటికీ ప్రతి ఆదివారం నడుస్తోంది. వాసన లైనంతా పోయి, మహెజబీన్ కాకరకాయ పులుసుకు మంచి పేరు వచ్చింది. బాలింతలకు గిన్నెలు ఇప్పుడు ఆ ఇంటి నుంచే పోతున్నాయి. మహెజబీన్ సిగ్గుపడి ఒకసారి నిజం చెప్పబోతే అనసూర్యే ఆపింది.

ఈలోగా బాయిలో ఒక కొత్త చైతన్యం వచ్చింది. నడుము పట్టేసి వంగలేని ఒకతనికి దొండకాయ అసలు పడదని హఠాత్తుగా తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం వచ్చే ఇంకొకతనికి బీరకాయ వంశపారంపర్యంగా పడదు. భుజం లేవనివాళ్లు గోరుచిక్కుడుకు, చెవులు వినపడనివాళ్లు పొట్లకాయకు దరఖాస్తు చేశారు. డాక్టర్ సంధ్యారాణి ఒక్కొక్కరి ముందు కూరగాయ పేరు గట్టిగా పలుకుతూ, ఎక్కడ నొప్పో అక్కడ నొక్కుతూ, తలెత్తకుండా రాస్తూ పోయింది.

అలీముద్దీన్ కూడా ఆనిగెపుకాయకు పెట్టుకున్నాడు. అతనికి నిజంగానే అది పడదు. డాక్టరమ్మ ఎక్కడ నొక్కినా నొప్పి లేదు. దరఖాస్తు తిరస్కరించారు. అబద్ధపు కారణాలతో వచ్చేవాళ్ల పట్ల కఠినంగా ఉంటామని హెచ్చరిక కూడా పంపారు.

మొన్న వార్షిక సమావేశంలో రఘుపతికి శాలువా కప్పారు. ఆయన చదివిన నివేదిక ప్రకారం, ఈ ఏడాది భూగర్భ కార్మికుల్లో మోకాళ్ల నొప్పి గానీ, నడుము నొప్పి గానీ, ఆయాసం గానీ ఒక్కటి కూడా నమోదు కాలేదు. కాకపోతే మనవాళ్లకు కూరగాయల విషయంలో పట్టింపు బాగా పెరిగిపోయింది.