అంగారకుడి మీద అబద్ధం

ఆ ఉదయం రిమూత్ వేసుకున్న పథకం చిన్నదే. రాజుగారి వేట ఆపించాలి, ఐదో రోజున పొరుగూరు కల్హులో జరిగే కూతురు అహతి పెళ్ళికి వెళ్ళాలి. వియ్యంకుడు పెళ్ళికూతురి తల మీద నూనె పోసే వేళకు తండ్రి పక్కన లేకపోతే అహతి జన్మలో క్షమించదు. కానీ నినెవే ఆస్థానంలో చుక్కలు చూసే ఉద్యోగం ఆయనది. రాజు వేటకు వెళ్తే వెంట వెళ్ళాల్సిందే. సెలవు అడిగినవాళ్ళను రాజుగారు శాశ్వతంగా సెలవు మీద పంపుతారు.

అందుకని పచ్చిమట్టి పలక మీద రాశాడు: "అంగారకుడు వృశ్చికంలో వెనక్కి నడుస్తున్నాడు. ప్రభువు కోటగుమ్మం దాటరాదు." పెళ్ళిపనుల్లో పడి ఆయన తలెత్తి ఆకాశం చూసి పదిరోజులైంది. అయినా ఆకాశం వచ్చి సాక్ష్యం చెప్పదు కదా!

రాజు వణికిపోయాడు. వేట ఆగింది. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది.

"నేనే కదలనప్పుడు ఊళ్ళో ఇంకెవడు కదులుతాడు? గుమ్మాలు మూయండి! లోపలికి ఏదైనా రావచ్చు, బయటికి చీమ కూడా పోకూడదు."

రిమూత్ పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, శుభవార్త! అంగారకుడు మళ్ళీ ముందుకు తిరిగాడు."

తోటి ఉద్యోగి షుమాయ పళ్ళికిలించాడు. ఇరవై ఏళ్ళుగా రిమూత్ తప్పు కోసమే ఊపిరి పీలుస్తున్నాడాయన. "ఒక్క పూటలోనా? వెనక్కి నడిచాడంటే డెబ్బై రోజులకు గానీ తిరగడు. ఆ మాత్రం తెలీదుటయ్యా? అసలు నడిచాడో లేదో!"

"ఇద్దరూ బురుజెక్కి చూడండి," అన్నాడు రాజు. "అబద్ధమాడినవాడి నాలుక కోయిస్తాను."

మూడు రాత్రులు మెడలు పట్టేసేలా చూశారు. ఎర్రచుక్క ఉన్నచోటే నిలబడింది. నాలుగో రాత్రి నిజంగానే వెనక్కి జరిగింది. షుమాయ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

రాజు రిమూత్‌ను కౌగిలించుకున్నాడు. "ఆ చుక్కకే తెలియకముందు చెప్పావు కదయ్యా!" బంగారు కడియం తొడిగాడు, తన పక్కనే పీట వేయించాడు. "ఈ డెబ్బై రోజులూ గుమ్మాలు తెరవరు, నువ్వూ నన్ను వదిలి కదలకు."

రిమూత్ భోరుమన్నాడు. సభంతా ఆనందబాష్పాలనుకుంది.

ఆరో రోజున కల్హు నుంచి భార్య పలక వచ్చింది: "పెళ్ళయింది. నూనె పోస్తున్నంతసేపూ పిల్ల గుమ్మం వైపే చూసింది. చుక్కలు రేపేం చేస్తాయో చెప్పే మనిషికి కూతురి పెళ్ళెప్పుడో ఎవరూ చెప్పలేదా అని వియ్యంకుడు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?"

రిమూత్ వెంటనే జవాబు రాశాడు. అది అరవై ఎనిమిది రోజుల తర్వాత బయలుదేరుతుంది.