ఉడో కుడిచెయ్యి

జర్మనీలో చిత్రకారులు కావడానికి కుంచె, రంగులు, ప్రతిభ ఉంటే చాలదు. సదరు విషయాన్ని ఏదో ఒక కమిటీ ధ్రువీకరించాలి. (ప్రతిభ విషయంలో సడలింపు ఉంది. ధ్రువీకరణ విషయంలో లేదు.)

ఫ్రీడెరున్ లోబెక్ గారిని రెండు ప్రభుత్వాలు ధ్రువీకరించాయి. అప్పటి తూర్పు జర్మనీలో భాగమైన సాక్సనీలోని మా ఊళ్ళో, మూతపడ్డ మేజోళ్ళ కర్మాగారం పై అంతస్తులో ఆవిడ బొమ్మలు వేసేవారు, కింద నేను గొడుగులు బాగుచేసేవాణ్ణి. బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో, వానలో ట్రామ్ కోసం నిలబడ్డ జనాన్ని వేశారు. కార్మికులు నవ్వడం లేదేమని కమిటీ అడిగింది. ఆవిడ అందర్నీ అటు తిప్పేశారు. ముఖాలు కనబడనందున వారు నవ్వుతూ ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమని కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

గోడ కూలాక పడమటి నుంచి ఒక గ్యాలరీ యజమాని వచ్చి, ఆ వీపులన్నీ తిరుగుబాటేనని కనిపెట్టాడు. తనకు నవ్వులు వేయడం చేతకాదని ఆవిడ నిజం చెప్పబోతే, ఆ మాట బయట అనవద్దని బతిమాలాడు. దరిమిలా ఆ వీపులు పారిస్, టోక్యో చూసొచ్చాయి.

భర్త ఉడో పోయాక ఆవిడ ఆయన బొమ్మ మొదలుపెట్టారు. ట్రామ్ స్టాపులో ఒక్కడే, అటు తిరిగి. భార్య సంచీ పట్టుకోవలసిన కుడిచెయ్యి మాత్రం వేయడం మిగిలి ఉంది. ఆ చెయ్యి కుదరక ఎన్నోసార్లు చెరిపేశారు.

సరిగ్గా అప్పుడే సజీవ కళాకారుల స్మారక శాఖ నుంచి టిల్షర్ అనే అధికారి తెల్ల చేతిజోళ్ళు తొడుక్కుని దయచేశాడు. ఆవిడ గదిని ఉన్నదున్నట్టు భద్రపరచాలని శాఖ నిర్ణయించిందట. కిటికీ దగ్గర సగం తిన్న సాసేజి రొట్టె మీద గాజు మూత పెట్టించాడు.

"అది నా మధ్యాహ్నం తిండి, నాయనా."

"నిన్నటిదాకా అంతేనండి. ఇప్పుడది సంరక్షిత వస్తువు."

బొమ్మ పూర్తిచేస్తానని ఆవిడ అడిగారు. అసంపూర్తిగా ఉండటమే దాని విలువని, కళాకారులు లోపల తిరిగితే గది సహజత్వం దెబ్బతింటుందని టిల్షర్ ఓపికగా వివరించాడు. కావాలంటే మంగళవారాలు సందర్శకులతో కలిసి రావచ్చు.

ఆవిడ మంగళవారమే వెళ్ళారు, కోటు లోపల కుంచె పెట్టుకుని. నేనూ వెంట వెళ్ళి, అక్కడి కాపలా అతన్ని తడి గొడుగుల ప్రవేశానికి సంబంధించిన నిబంధన అడిగాను. (అలాంటిది నిజంగానే ఉంది. పొడవైనది.) అతను చెప్పడం పూర్తయ్యేసరికి ఉడోకి చెయ్యి వచ్చింది. సంచీ బరువుకి వేళ్ళు కొంచెం వంగి ఉన్నాయి. ఆవిడ వెనక్కి జరిగి చూసుకుని, చాలాకాలం తర్వాత హాయిగా ఊపిరి వదిలారు.

శాఖ నిపుణుల్ని పిలిపించింది. ఆ చెయ్యి లోబెక్ శైలిలో లేదని, ఎవరో ఔత్సాహికుల పనని వారు తేల్చారు.

"నలభై ఏళ్ళు పట్టుకున్న చెయ్యి. నాకు తెలియదా?" అన్నారావిడ.

"మీరు భార్యగా మాట్లాడుతున్నారు," అన్నాడు టిల్షర్ మర్యాదగా. "మేం నిపుణుల మాటే తీసుకోగలం."

చెయ్యిని జాగ్రత్తగా తుడిచేశారు. ఆవిడకు యావజ్జీవ ప్రవేశ నిషేధం విధించారు. వయసును బట్టి చూస్తే అది స్వల్పకాలిక శిక్షేనని శాఖ సానుభూతితో తెలియజేసింది.