దర్జీగారి కౌగిలింతలు

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. ఆపరా? సరే, ఆవలింతలైనా ఆపండి.

అనగనగా ఒక దర్జీ. ఆయన కొట్టు మీద బోర్డు: "ఒక్కసారి కొలిస్తే జన్మకి చాలు". రెండోసారి ఎవరి ఒంటి మీదా టేపు పెట్టకపోవడమే ఆయన గొప్ప. ఆ తర్వాత పొట్ట పెరిగితే అది పెంచుకున్నవాళ్ల తప్పు.

ఆ పొద్దున ఆయన అనుకున్న పని చిన్నదే. అగ్నిమాపక దళంలో ముప్పైమందికి ఆదివారంలోగా కోట్లు కుట్టాలి. పాత అధికారి బదిలీ అయ్యాడు గనక ముందు ఆయన కొలతలు కంప్యూటర్లోంచి తుడిచేయాలి, అంతే. ఆ పని బావమరిదికి అప్పజెప్పాడు. కొలతల పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఇక వీటితో పనేముందని చింపి పారేసిన మహానుభావుడు అతనే.

"మౌసు నొక్కడం చేతకానివాళ్ల పని బావా. ఈ నల్ల తెర మీద ఒక్క ఆర్డరేస్తే చాలు. ఫైలు ఫైలులాగే ఉంటుంది, లోపల సరుకు పోతుంది. గుడ్డుకి చిల్లుపెట్టి సొన లాగేసినట్టు!"

ఆర్డరు కొట్టాడు. పక్కన ఫైలు పేరు కొట్టాలి. ఆ అధికారి పేరేమో గూడ్సుబండంత. అంత పొడుగు ఎవడు కొడతాడని, పేరుకి బదులు నక్షత్రం గుర్తు పెట్టి మీట నొక్కాడు. ఆ నల్ల తెరకి నక్షత్రమంటే "ఉన్నవాళ్లందరూ" అని అర్థం. రెప్ప వేసేలోగా ఊరందరి ఛాతీలూ నడుములూ గాలిలో కలిశాయి.

"ఫైళ్లన్నీ ఉన్నాయిగా బావా, కంగారెందుకు?"

"ఉన్నాయిరా! లోపల ఒక్క అంకె లేదు!"

"చూశావా, ఎంత శుభ్రంగా తుడిచిందో!"

మళ్లీ కొలుస్తానంటే బోర్డు పరువు పోతుంది, కోట్ల పని ఎదురు కొట్టువాడికి పోతుంది. గదిలో అటూ ఇటూ తిరుగుతున్న మొగుణ్ణి చూడలేక భార్యే దారి చూపించింది.

"టేపు లేకుండా కొలవలేరేంటండీ? వాటేసుకోండి. ముప్పై ఏళ్లు కొలిచిన చేతులవి."

దర్జీ ఫైర్ స్టేషన్‌కి పరుగెత్తాడు. గేటు దగ్గరున్నవాణ్ణి గట్టిగా వాటేసుకుని "నలభై రెండు" అని గొణిగాడు. రెండోవాడి భుజం నుంచి మణికట్టు దాకా నిమిరి "ఇరవై నాలుగు" అన్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"ఏం లేదు నాయనా, మళ్లీ వీలవుతుందో లేదోనని..."

అంతే, నిప్పంటుకుంది. ఆర్పాల్సినవాళ్లే ఊరంతా అంటించారు. "దర్జీ బాబాయ్‌కి డాక్టరు నలభై రెండు రోజులే అన్నాడట!"

"నాతో ఇరవై నాలుగే అన్నాడ్రా! మాటల్లోనే సగం అయిపోయాయి, పదండి పదండి!"

గంటలో దళమంతా కళ్లు తుడుచుకుంటూ కొట్టు ముందు వరసకట్టింది. ఒక్కొక్కరూ వచ్చి వాటేసుకోవడం, దర్జీ వెక్కుతూ అంకె చెప్పడం, తెర వెనక భార్య రాసుకోవడం. బావమరిదికి అసలు సంగతి గుర్తులేదు, నిజంగానే ఏడుస్తున్నాడు.

ఆఖరున కొత్త అధికారి వచ్చాడు. వాటేసుకుని, తలవంచుకున్నాడు.

"దాచడమెందుకు? మీ పాత కోట్లు ఒక్కడికీ బొత్తాం పడట్లేదట. అవన్నీ పదేళ్లనాటి కొలతలట. ఈసారి ఎదురు కొట్టుకిద్దామని పొద్దున్నే ఖాయం చేసుకున్నాం. మీ సంగతి విన్నాక మనసొప్పలేదు. మీరే కుట్టండి."

దర్జీ నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి దగ్గాడు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి దగ్గాడు.

ఆదివారం ముప్పై కోట్లూ ఒంటికి అచ్చుపోసినట్టు కుదిరాయి. దళం వీధిలో కవాతు చేస్తుంటే, సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒకాయన పక్కనున్న పెళ్లాంతో అన్నాడు:

"పోయేవాడి కుట్టే కుట్టు! ఇకమీదట ఏ దర్జీకి గుడ్డ ఇచ్చినా, ముందు ఎన్నాళ్లుంటాడో కనుక్కోవాలే!"