గుర్రం వెనక కాళ్లకు ఒక డైలాగు

మానవజాతి నవ్వడం నేర్చి వేల ఏళ్లు గడిచినా, ఆ నవ్వుకు క్రమశిక్షణ నేర్పిన ఘనత మాత్రం మా పేట నాటక సమాజానిదే. ఏటా మేం వేసే హాస్య నాటకంలో ప్రతి జోకునూ ముందుగా మూడు ప్రతులు తీసి, ఫారం నింపి, హాస్య పరిశీలన కమిటీకి సమర్పించాలి. జోకు ఎవరి మీద, నవ్వు ఎన్ని సెకన్లు, ఆగకపోతే బాధ్యులెవరు అన్నవి తప్పనిసరి గడులు. (చివరి గడి ‘ఇతరములు’. అందులో ఏం రాయాలో ఎవరికీ తెలియదు గానీ, ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి వస్తుంది.) కమిటీ అంటే మా కార్యదర్శిగారూ, ఆయన కళ్లజోడూ.

వేషాలు సీనియారిటీని బట్టి ఇస్తారు. అందుకే పాతికేళ్ల ప్రేమికుడి వేషం డెబ్బై ఒకటో ఏడు నడుస్తున్న అధ్యక్షులవారిది. నిరుడు చేరిన పళ్ల డాక్టరు జుట్టుకు తెల్లరంగు పూసుకుని ఆయనకు తాతగా వేస్తాడు. ‘ఒరేయ్ మనవడా’ అని పిలిచి, పక్కకు తిరిగి ‘క్షమించండి సార్’ అంటాడు. అధ్యక్షులవారికి డైలాగు గుర్తు రాకపోతే పాట అందుకుంటారు. ప్రాంప్టర్‌ని కాబట్టి తెర పక్కన స్టూలు మీంచి నేను అందిస్తూనే ఉంటాను, ఆయన పాడుతూనే ఉంటారు. కిందటేడు పద్నాలుగు పాటలయ్యాక, మాది సంగీత నాటకమని బోర్డు మార్చేశాం.

ఇక మా టైలర్. కొలతలు తీసుకునేటప్పుడు మనిషిని ఎంత నవ్విస్తాడంటే, అతను కుట్టిన చొక్కాలు పేటలో అందరికీ కాస్త వదులే. నిజమైన హాస్యం మా సమాజంలో అతనొక్కడి దగ్గరే ఉంది కనుక తొమ్మిదేళ్లుగా, ఇద్దరు దూరే గుడ్డ గుర్రంలో వెనక కాళ్లు అతనికే ఇచ్చాం. (ముందు కాళ్లు లైబ్రరీ గుమాస్తావి. ఆయన ఆర్నెల్లు సీనియర్.) టైలర్ కూతురు ఏటా మూడో వరసలో కూర్చుని, తోక కదిలినప్పుడల్లా చప్పట్లు కొడుతుంది. ఈసారి ఆ పిల్ల ఇంట్లో అడిగిందట.

“నాన్నా, ఈసారైనా నీ మొహం కనిపిస్తుందా?”

పదో ఏడు రాగానే సభ్యుడికి ఒక డైలాగు ఇవ్వాలని నిబంధన ఉంది. బంట్రోతు వేషం ఇచ్చారు. అయ్యగారైన ప్రేమికుడు తెర వెనక్కి వెళ్లిపోయాక వచ్చి, “అయ్యగారు ఇంట్లో లేరండీ” అనాలి. అంతే. కమిటీ దాన్ని ‘నవ్వు శూన్యం’ కింద నమోదు చేసి ముద్ర వేసింది. టైలర్ నెల రోజులు ఆ మూడు ముక్కలూ కుట్టుమిషను దగ్గర వల్లించాడు.

ప్రదర్శన రోజున అధ్యక్షులవారు తెర వెనక్కి వెళ్లడం మరిచిపోయారు. వేదిక నడిమధ్య నిలబడి పాట అందుకున్నారు. టైలర్ వచ్చి, చేతులు కట్టుకుని, పాట పూర్తయ్యేదాకా ఆగాడు. అయ్యగారిని కొలతలు తీసుకుంటున్నట్టు కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, ఒక్క అక్షరం మార్చకుండా, ఎంతో విచారంగా చెప్పాడు.

“అయ్యగారు ఇంట్లో లేరండీ.”

హాలు విరగబడి నవ్వింది. నా చేతిలో కాగితాలు జారిపోయాయి. టైలర్ కూతురు కుర్చీ ఎక్కి, అటూ ఇటూ ఉన్నవాళ్లకు “మా నాన్న, మా నాన్న” అని చూపిస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవై ఏళ్లలో మా నాటకానికి ఎవరైనా నవ్వగా నేను చూడటం అదే మొదలు.

మర్నాడే విచారణ. శూన్యం ఉండాల్సిన చోట ఒక నిమిషం నలభై సెకన్ల నవ్వు ఎలా వచ్చిందో సంజాయిషీ ఇమ్మన్నారు కార్యదర్శిగారు.

“మీరు రాసిచ్చిన మాటే చెప్పానండీ,” అన్నాడు టైలర్. “అయ్యగారు ఎదురుగా ఉండిపోవడం నా చేతిలో పని కాదు కదండీ.”

‘వాక్యంలో దోషం లేదు, ముఖంలో ఉంది’ అని మినిట్స్‌లో రాసుకున్నారు. తీసేద్దామంటే జనం అప్పుడే అతని గురించి అడుగుతున్నారు. అందుకని బాగా ఆలోచించి గౌరవించారు. హాస్య పరిశీలన కమిటీలో శాశ్వత సభ్యత్వం, చేతుల కుర్చీ, బల్ల మీద పేరు పలక. (కమిటీ సభ్యులు వేదిక ఎక్కరాదు.) తనకు ప్రమోషన్ వచ్చిందని ఇంట్లో కూతురికి చెప్పాడట.

మొన్న తొలి సమావేశంలో పళ్ల డాక్టరు రాసిన జోకు ఒకటి అతని ముందుకొచ్చింది. చదువుతుంటే భుజాలు కదిలాయి. పెదవులు బిగబట్టి, రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. ఆ తర్వాత ‘తిరస్కరించడమైనది’ అని సంతకం పెట్టి, కారణం గడిలో పొందికగా రాశాడు: ‘నవ్వు వస్తోంది.’